దేవుడికి చోటిచ్చిన బానిసలు

1734లో లిస్బన్ నగరంలో ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'త్రియుంఫో ఎవుకరిస్తికో'. దివ్యసత్ప్రసాద విజయోత్సవం అని మనం చెప్పుకోవచ్చు. రాసినవాడు సిమావ్ ఫెరైరా మషాదో. అంతకు ముందేడు, 1733 మే 24న, బ్రెజిల్ లోపలి కొండల్లో విలా రికా అనే బంగారు గనుల ఊళ్ళో జరిగిన ఒక ఊరేగింపుని ఇందులో పూసగుచ్చినట్టు వర్ణించాడు. ఎవరు ఏ వేషం కట్టారు, బట్టల మీద ఏ రాళ్ళు పొదిగారు, ముందు ఎవరు నడిచారు, వెనక ఎవరు నడిచారు, అన్నీ ఉన్నాయి. బరోక్ కాలపు ఆడంబరం గురించి మాట్లాడే బ్రెజిల్ చరిత్రకారులెవరూ ఈ పుస్తకాన్ని దాటిపోరు.

నన్ను పట్టి ఆపింది ఆ వర్ణన కాదు, అంకితం. పుస్తకాన్ని జపమాల మాతకు అంకితం చేసి వెలుగులోకి తెచ్చింది ఆ ఊరి నల్లవాళ్ళ సోదర సంఘం. అందులో ఉన్నవాళ్ళు బానిసలు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు. చాలామందికి చదవడం రాదు. పైగా అప్పట్లో బ్రెజిల్‌లో అచ్చుయంత్రమే లేదు, రాజు అనుమతితో అది వచ్చింది 1808లోనే. రాతప్రతి ఓడెక్కి సముద్రం దాటాలి. లిస్బన్‌లో మతవిచారణ సభ, బిషప్పు, రాజు కొలువు, మూడుచోట్లా అనుమతి ముద్ర పడాలి. ఇంత ఖర్చుకి, ఇంత తిప్పటకి బానిసలు ఎందుకు సిద్ధపడ్డారు? చదవడం రానివాళ్ళకి పుస్తకంతో ఏం పని?

పైపైన చూస్తే జవాబు చిన్నదే. విలా రికాలో పిలార్ మాత పేరున్న విచారణ గుడిని తిరగకట్టారు. పని నడిచినంతకాలం దివ్యసత్ప్రసాదాన్ని, అంటే కతోలికుల నమ్మకంలో సాక్షాత్తూ క్రీస్తు శరీరాన్ని, నల్లవాళ్ళ జపమాల మాత గుళ్ళో ఉంచారు. కొత్త గుడి సిద్ధమయ్యాక మేళతాళాలతో అక్కడికి తీసుకెళ్ళారు. ఆ రోజు ఊరేగింపే పుస్తకంలో ఉన్నది. అంటే, దొరల దేవుడు కొంతకాలం బానిసల ఇంట తలదాచుకున్నాడు. ఆ మాట అచ్చులో ఉండాలని బానిసలు అనుకున్నారు. ఎందుకు అనుకున్నారో తెలియాలంటే ఆ ఊరి సంగతి, ఆ సంఘాల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

*

1690లలో ఆ కొండల్లో బంగారం దొరికింది. ఏళ్ళ తరబడి మనుషులు ఎగబడ్డారు. 1711లో విలా రికా, అంటే 'సంపన్న పురం', పట్టణంగా ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఔరో ప్రెటో, 'నల్ల బంగారం'. దొరికిన బంగారంలో ఐదో వంతు పోర్చుగల్ రాజుది. దొంగతనంగా తరలిపోతుందని రాజుకి ఎప్పుడూ భయమే. అందరికంటే ఎక్కువ భయం సన్యాసులంటే. అంగీ కింద బంగారం దాటిస్తారని, పన్ను కట్టొద్దని జనానికి నూరిపోస్తారని అనుమానం. అందుకని 18వ శతాబ్దం తొలి దశకాల్లోనే ఆజ్ఞలు వెళ్ళాయి: ఫ్రాన్సిస్ సభ వాళ్ళు గానీ, జెస్యూట్లు గానీ, మరే సన్యాసి సభ గానీ గనుల ప్రాంతంలో మఠం పెట్టకూడదు.

రోమ్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం పోర్చుగల్ రాజే తన వలస రాజ్యాల్లో చర్చికి పోషకుడు. జనం కట్టే దశమభాగం వసూలు చేసుకునేది ఆయనే. కానీ గుళ్ళు కట్టడానికి ఆ డబ్బు పెద్దగా వెనక్కి వచ్చేది కాదు. మఠాలు లేవు, రాజు పైసలు రాల్చడు. మరి పూజ ఎవరు చేయించాలి? రోగిని ఎవరు చూడాలి? శవాన్ని ఎవరు మోయాలి? ఈ పనులన్నీ మామూలు గృహస్థుల మీద పడ్డాయి. వాళ్ళు సంఘాలు కట్టుకున్నారు. గుడి కట్టింది సంఘం, పూజకి ఫాదర్‌ని జీతానికి పెట్టుకుంది సంఘం, పండగకి పాటగాళ్ళతో ఒప్పందం రాయించుకుంది సంఘం. బ్రెజిల్ చరిత్రకారుడు కాయో బోస్కీ 1986లో ఈ సంఘాల మీద రాసిన పుస్తకానికి 'గృహస్థులు, అధికారం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మినాస్ జెరైస్ కతోలిక చరిత్రకి అంతకంటే మంచి పేరు ఉండదు.

ఈ సంఘాల్లో రెండు రకాలున్నాయి. అవి వేరువేరని గుర్తుంచుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది. మొదటిది మూడవ సభ. అసిసీ ఫ్రాన్సిస్ వెంట నడిచిన సన్యాసులది మొదటి సభ, క్లారా వెంట వచ్చిన మఠకన్యలది రెండవది. పెళ్ళాం పిల్లలతో, చేసే వృత్తి మానకుండా, అదే దారిలో బతుకుతామన్నవాళ్ళది మూడవది. 1221 నాటికే వాళ్ళ నియమాలు రాతలో ఉన్నాయి. 1289లో పోపు నాలుగో నికొలస్ ఆమోదముద్ర వేశాడు. ఆయుధం పట్టకూడదు, ఆడంబరం కూడదు, ఉపవాసాలుండాలి, రోగుల్ని చూడాలి, చనిపోయినవాళ్ళని సాగనంపాలి. పేదరికాన్ని పెళ్ళాడిన ఫ్రాన్సిస్ పేరు మీద పుట్టిన సభ ఇది. రెండో రకం ఇర్మాందాద్, సోదర సంఘం. ఒక పునీతుణ్ణో మాతనో పెట్టుకుని, ఒక బలిపీఠం చుట్టూ చేరే సంఘం. నియమావళి రాసుకోవాలి, చందా కట్టాలి, ఏటా కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి.

జపమాల సంఘాలు ఈ రెండో రకంలోవి. డొమినిక్ సభ వాళ్ళు 1475లో జర్మనీలోని కొలోన్‌లో పెట్టిన జపమాల సంఘానికి ఒక విశేషం ఉంది. చేరడానికి డబ్బు అక్కర్లేదు. పుస్తకంలో పేరు రాయించుకుంటే చాలు. చక్రవర్తి పేరు రాసిన పుస్తకంలోనే కూలివాడి పేరూ రాశారు. జపమాల మాత సంఘం లిస్బన్ మీదుగా, ఆఫ్రికా తీరం మీదుగా బ్రెజిల్ చేరేసరికి నల్లవాళ్ళ సంఘంగా స్థిరపడిపోయింది. మినాస్‌లో దాదాపు ప్రతి పట్టణంలో 'నల్లవాళ్ళ జపమాల మాత' గుడి ఒకటి ఉంటుంది.

*

బానిస దగ్గర చందాకి డబ్బెక్కడిది? గనుల ప్రాంతంలో బానిసత్వం చెరకు తోటల్లో లాంటిది కాదు. చాలామంది యజమానులు రోజుకింత బంగారం తెచ్చివ్వమని బానిసని వాగుల మీదికి పంపేవాళ్ళు. అంతకు మించి దొరికింది వాడిది. తలమీద తట్టలతో తినుబండారాలు అమ్మే నల్ల ఆడవాళ్ళు వీధి వీధినా ఉండేవాళ్ళు. ఇక ఆదివారాలూ పండగ రోజులూ ఉన్నాయి. చర్చి ఆజ్ఞ ప్రకారం ఆ రోజుల్లో యజమాని పని చేయించకూడదు. ఎంతమంది పాటించారన్నది వేరే మాట. కానీ బానిసకి తన కాలం మీద ఉన్న హక్కల్లా ఆ పండగల పట్టికే. పండగ రోజున తనకోసం కడిగిన ఇసుకలోంచి రాలిన పొడి జపమాల మాత పెట్టెలోకి వెళ్ళేది. చందా కూడా తూకంలోనే: ఒయితావా, అంటే సుమారు మూడున్నర గ్రాముల బంగారం, లేదా అందులో భాగం.

ఆ చందాకి ఏం వచ్చేది? ముఖ్యంగా చావు వచ్చేది. మాట మోటుగా ఉంది గానీ నిజం అదే. ముసలివాడైన బానిసనీ, రోగం ముదిరిన బానిసనీ వదిలించుకున్న యజమానులు తక్కువేం కాదు. చచ్చిపోతే శవాన్ని ఏ గుడి వాకిట్లోనో పడేసి పోయేవాళ్ళూ ఉన్నారు. సంఘంలో పేరున్న బానిస చనిపోతే అలా జరగదు. సోదరులు అంగీలు వేసుకుని, శిలువ పట్టుకుని, కొవ్వొత్తులతో వచ్చి తీసుకెళ్తారు. గుడి నేల మీద పరిచిన చెక్కపలకల కింద, తన సంఘం గుళ్ళో, పూడుస్తారు. ఆత్మ కోసం ఇన్ని పూజలని నియమావళిలో రాసి ఉంటుంది. అవి చేయించి పద్దు రాస్తారు. బతికుండగా యజమాని ఆస్తుల జాబితాలో పశువుల పక్కన, పారల పక్కన ఉన్న మనిషి, చనిపోయాక సోదరుడు ఫలానా అని ఒక పుస్తకంలో ఉంటాడు.

ఈ సంఘాలు బానిసల్ని మెత్తబరిచే సాధనాలని ఒక వాదన ఉంది. తిరగబడాల్సిన కోపాన్ని జపమాల పూసల్లోకి మళ్ళించారని. ఈ వాదనకి బలం లేకపోలేదు. 1711లో అచ్చయిన ఆంతొనిల్ అనే జెస్యూటు పుస్తకమే సాక్ష్యం. బానిసలు ఏడాదిలో కొన్ని రోజులు తమ రాజుల్ని ఎన్నుకుని, ఆడుకుని పాడుకుంటే అడ్డుకోకండి, బతుకులో వాళ్ళకున్న ఊరట అదొక్కటే అని యజమానులకి సలహా చెప్తాడాయన. (ఆ పుస్తకాన్ని రాజు జప్తు చేయించాడు. బానిసల మీద జాలి చూపినందుకు కాదు, బ్రెజిల్ సంపద గుట్టు శత్రుదేశాలకి తెలిసిపోతుందని.)

కానీ ఊరట అనే మాట మొత్తం కథ చెప్పదు. పండగంటే విందూ చిందూ మాత్రమే కాదు, ఎన్నికల రోజు కూడా. న్యాయాధిపతి, లేఖరి, కోశాధికారి, ప్రతినిధి అని పదవులుండేవి. ఆడవాళ్ళలోంచి కూడా న్యాయాధిపతులు ఉండేవాళ్ళు. లేఖరి, కోశాధికారి పదవుల్లో చాలాసార్లు తెల్లవాళ్ళు కూర్చున్నారు, చదువు వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి. అయినా లెక్క అప్పజెప్పాల్సింది సంఘానికి. పక్క సంఘంతో తగువొస్తే అర్జీ రాయించి లిస్బన్ దాకా పంపేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో విడుదల పత్రం కొనుక్కోవడానికి సోదరుడికి సాయం చేశారు. కోర్టు మెట్లెక్కే హక్కు పెద్దగా లేని మనుషులకి ఒక సంస్థ ఉంది, దానికి ముద్ర ఉంది, పెట్టె ఉంది.

రాజు, రాణిల ఎన్నిక సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. జపమాల మాత పండగకి ఒక నల్ల రాజునీ రాణినీ ఎన్నుకుని గుళ్ళో కిరీటం పెట్టేవాళ్ళు. చాలాచోట్ల ఆయన పేరు 'కాంగో రాజు'. ఇది తెల్లవాళ్ళు నేర్పిన వేషం అనుకుంటే పొరపాటే. ఆఫ్రికాలోని కాంగో రాజ్యంలో 1491లోనే రాజు బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడి నుంచి వచ్చిన బానిసల్లో కొందరికి మరియమ్మ బ్రెజిల్‌లో కొత్తగా పరిచయం కాలేదు. ఓడలో సంకెళ్ళతో వచ్చినవాళ్ళు, తమకొక రాజు ఉండేవాడని, ఆయన కూడా క్రైస్తవుడేనని, ఏడాదికోసారి వీధిలో గుర్తుచేసుకున్నారు. పాలకులకి ఆ గుర్తు అంత ముచ్చటగా తోచలేదు. 1719లో మినాస్‌లో బానిసలు తిరుగుబాటుకి సిద్ధమవుతున్నారన్న సమాచారం బయటపడింది. ముహూర్తం పవిత్ర గురువారం. ఆ పూట తెల్లవాళ్ళంతా గుళ్ళలో ఉంటారు. పండగల పట్టికని బానిసలు ఎంత శ్రద్ధగా చదివారో ఆ ఒక్క తేదీ చెప్తుంది.

వాళ్ళ బలిపీఠాల మీది పునీతుల్ని చూడండి. పలెర్మో బెనెడిక్ట్: సిసిలీలో ఆఫ్రికన్ బానిసల కొడుకు, ఫ్రాన్సిస్ మఠంలో వంటవాడు, 1589లో చనిపోయాడు. రోమ్ ఆయన్ని పునీతుడని ప్రకటించింది 1807లో. అంతకు చాలా ముందు నుంచే బ్రెజిల్ నల్లవాళ్ళు ఆయన్ని మోసుకు తిరిగారు. నోతో ఆంతోని: ఆయనా ఆఫ్రికా నుంచి సిసిలీకి బానిసగా వచ్చి, విడుదలై, ఫ్రాన్సిస్ మూడవ సభలో చేరి, రోగుల సేవలో గడిపినవాడు. ఇథియోపియా రాకుమారి ఎఫిజెనియా ఇంకొకరు. రోమ్ చెప్పేదాకా ఆగకుండా తమ పోలికలున్నవాళ్ళని ఎంచుకున్నారు.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది గానీ చరిత్ర అవదు. ఎందుకంటే ఈ సంఘాలన్నీ కలిసి ఊరి మీద ఒక నిచ్చెన వేశాయి. దివ్యసత్ప్రసాద సంఘం తెల్లవాళ్ళది. ఫ్రాన్సిస్ మూడవ సభ, కార్మెల్ మూడవ సభ తెల్లవాళ్ళలోనూ సంపన్నులవి. మిశ్రజాతి వాళ్ళకి పునీత జోసెఫ్ సంఘం. బ్రెజిల్‌లోనే పుట్టిన నల్లవాళ్ళు చాలాచోట్ల కరుణామాత సంఘంగా విడిపోయారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళకి జపమాల మాత. జపమాల సంఘంలో ఎవరైనా చేరొచ్చు. తెల్లవాళ్ళు కూడా చేరారు. పైమెట్టు మీద మాత్రం తలుపు మూసి ఉండేది. మూడవ సభలో చేరాలంటే రక్తశుద్ధి నిరూపించాలి. పూర్వీకుల్లో యూదుడు గానీ, ముస్లిం గానీ, నల్లవాడు గానీ ఉండకూడదు. రోడ్డు మీది కుష్ఠురోగిని కౌగిలించుకున్న ఫ్రాన్సిస్ పేరు మీద పెట్టిన సభ ఇది!

ఆ మూడవ సభ వాళ్ళు 1766లో విలా రికాలో గుడి మొదలుపెట్టారు. బ్రెజిల్ బరోక్ కళ అనగానే ఎవరైనా చూపించే బొమ్మ అదే. దాని రూపకల్పన చేసి, ముఖద్వారం చెక్కి, పైన ఫ్రాన్సిస్ పంచగాయాలు పొందుతున్న దృశ్యాన్ని బలపపు రాతిలో మలిచింది అంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా అనే శిల్పి. తండ్రి పోర్చుగీసు మేస్త్రీ, తల్లి ఆఫ్రికన్ బానిస. నడివయసులో రోగం వచ్చి చేతులూ కాళ్ళూ వంకర్లు పోయాయి. అప్పటినుంచి జనం పిలిచిన పేరు అలెయ్‌జాదిన్యో, అంటే 'పాపం అవిటివాడు' లాంటి మాట. 1814లో చనిపోయాడు. ఆయన పేరు పునీత జోసెఫ్ సంఘంలో ఉంది. తాను చెక్కిన వాకిలి లోపల కూర్చునే సభలో ఆయనకి సభ్యత్వం రాదు. సభ పద్దుల్లో మాత్రం కూలి తీసుకున్న శిల్పిగా కనిపిస్తాడు.

ఆ గుడి పైకప్పు మీద 19వ శతాబ్దం మొదట్లో మనుయెల్ ద కోస్తా అతయీద్ మరియమ్మని చిత్రించాడు. చుట్టూ వాయిద్యాలతో దేవదూతలు. మరియమ్మ ముఖంలో, దూతల ముఖాల్లో మిశ్రజాతి పోలికలు స్పష్టంగా ఉన్నాయి. నియమావళి వాకిట్లో ఆపేసిన ముఖాలు పైకప్పు ఎక్కి కూర్చున్నాయన్నమాట. సభ్యులు తలెత్తి దణ్ణం పెట్టుకున్నారు.

నిచ్చెన ఎక్కినవాళ్ళు లేకపోలేదు. వజ్రాల గనుల ఊరు తెజూకోలో షికా ద సిల్వా అనే ఆమె బానిసగా పుట్టి, విడుదలై, వజ్రాల గుత్తేదారుతో కాపురం చేసి పదమూడుమంది పిల్లల్ని కన్నది. సినిమాల్లో, సీరియళ్ళలో ఆమెని మాయలాడిగా చూపించారు. జూనియా ఫుర్తాదో అనే చరిత్రకారిణి దస్తావేజులు తవ్వి 2003లో రాసిన పుస్తకంలో వేరే మనిషి కనిపిస్తుంది. నల్లవాళ్ళ సంఘాల్లోనూ తెల్లవాళ్ళ సంఘాల్లోనూ చందా కట్టి సభ్యురాలైన గృహిణి. 1796లో చనిపోతే తెల్లవాళ్ళకి కేటాయించిన ఫ్రాన్సిస్ గుళ్ళో పూడ్చారు. ఆమెకీ బానిసలున్నారు. రంగు అడ్డు తొలగాలంటే ఎంత ధనం కావాలో, ఆ ధనం ఎలా వచ్చేదో, రెండూ ఆ సమాధిలో ఉన్నాయి.

అందుకే ఆశ్రయమా, పంజరమా అని అడిగితే నేను ఒక మాటలో చెప్పలేను. రెండూ ఒకే నియమావళిలో ఉన్నాయి. సంఘం బానిసకి పేరిచ్చింది, శవపేటిక ఇచ్చింది, ఓటు ఇచ్చింది. బానిసత్వాన్ని తప్పని మాత్రం అనలేదు. 1888లో బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది, నియమావళుల వల్ల కాదు. కానీ ఆ రోజుకి అక్కడి నల్లవాళ్ళకి తమవంటూ గుళ్ళున్నాయి, నిలిచే పండగలున్నాయి. ఔరో ప్రెటోలో ఇప్పటికీ జనవరిలో కాంగో రాజు డప్పులతో కొండమీది ఎఫిజెనియా గుడికి వెళ్తాడు.

1734 పుస్తకాన్ని ఈ వెలుగులో చూస్తే బానిసల లెక్క అర్థమవుతుంది. గుడి కట్టాక, దివ్యసత్ప్రసాదం వెళ్ళిపోయాక, ఊళ్ళో గుర్తుండేది పట్టుబట్టలూ గుర్రాలే. చోటిచ్చినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు? అందుకని మొదటి పేజీ తమది చేసుకున్నారు. చదవడం రాకపోయినా, చదివేవాళ్ళ లోకం దేన్ని నమ్ముతుందో వాళ్ళకి తెలుసు.

*

ఇదంతా చదువుతుంటే తెలుగువాడికి ఎక్కడో తగులుతుంది. అదే పోర్చుగల్ రాజు పోషణలో ఉన్న గోవాలో సోదర సంఘాలు కులాల వారీగా చీలాయి. మన ఊళ్ళలో క్రైస్తవులైనా కాకపోయినా శ్మశానం దగ్గర కులం ఆగిపోదని వేరే చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. అది సంతోషమే. అంతకాలం పట్టిందేమిటన్న ప్రశ్న కూడా దాని పక్కనే ఉంది.

అయితే నా ఆలోచన కార్డినళ్ళ గురించి కాదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ చూడండి. గుండు చేయించుకున్నవాళ్ళు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కే తల్లులు. ఆ తిరునాళ్ళ చరిత్ర రాయాలంటే బిషప్పుల పేర్లూ, విదేశీ ఫాదర్ల పేర్లూ తేలిగ్గా దొరుకుతాయి. పల్లెల్లో ఫాదర్ నెలకోసారి వస్తే మిగతా రోజుల్లో జపం చెప్పించి, పాటలు నేర్పి, చావుబతుకుల్లో ఉన్నవాడి మంచం పక్కన కూర్చున్న ఉపదేశుల పేర్లు ఎక్కడున్నాయి? గుడి ఊడ్చిన ఆడవాళ్ళవి, శవం మోసిన మరియదళం వాళ్ళవి, పండగ చందా వసూలు చేసి పద్దు రాసినవాళ్ళవి?

విలా రికా బానిసల చరిత్ర మనకి దొరికింది వాళ్ళ పద్దు పుస్తకాలు మిగిలాయి కాబట్టి. ఎవరెంత కట్టారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు, ఆ ఏడు రాణి ఎవరు. మన ఉపదేశులకీ నోటు పుస్తకాలు ఉండేవి. మనవల ఇళ్ళలో, అటక మీది ట్రంకు పెట్టెల్లో కొన్ని ఇంకా ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే ఎవరైనా వాటిని దించి, దుమ్ము దులిపి, ఒక్కో పేరూ పైకి చదివితే బాగుండు.